ఆరో ఆవర్తనంలో ఏం జరుగుతుంది?

గిటార్ చేతికి తీసుకునే ముందు ఒకసారి ఆది తాళం వేయండి. ఒక దెబ్బ, మూడు వేళ్ల లెక్క; దెబ్బ, తిప్పు; దెబ్బ, తిప్పు. ఎనిమిది అక్షరాలు. ఇలా ఆరు ఆవర్తనాలు వేస్తే 48 అవుతాయి. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో నల్లజాతి గాయకుల నోట పుట్టిన బ్లూస్ పాటలో ఒక చరణానికి పట్టే లెక్క కూడా సరిగ్గా ఇంతే: 12 బార్లు, బార్‌కు 4 దెబ్బలు, మొత్తం 48. మొదటి ఐదు ఆవర్తనాల్లో పాట తన గోడు చెప్పుకుంటుంది. ఆరోది, అంటే 11, 12 బార్లు, పాటను మళ్లీ మొదటికి తిప్పుతుంది. గిటారిస్టులు దీన్నే టర్న్‌అరౌండ్ అంటారు.

ఉప్పల్, నాచారం, హబ్సిగూడ, రామంతాపూర్ కాలనీల్లో గిటార్ నేర్చుకునేవాళ్లకు కొదవ లేదు. సినిమా పాటల కార్డులతో మొదలుపెట్టి, కొన్నాళ్లకు బ్లూస్ దగ్గరికి వచ్చేవాళ్లూ ఉన్నారు. వాళ్లలో చాలామందికి పదో బార్ దాకా సాఫీగానే సాగుతుంది. పదకొండులోకి వచ్చేసరికి వేళ్లు తడబడతాయి, లేకపోతే ఇంటర్నెట్‌లో నేర్చుకున్న విరుపు ఒకటి బాగానే పడుతుంది కానీ మొదటి బార్ ఎక్కడో జారిపోతుంది. లోపం వేళ్లలో లేదు. ఆ రెండు బార్లలో చెవి దేనికోసం ఎదురుచూస్తోందో తెలియకపోవడమే అసలు చిక్కు. అక్కడ భౌతికశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, మన తాళం లెక్క మూడూ కలుస్తాయి.

మూడు కార్డులు, మూడు పాదాలు

గిటార్‌పై బ్లూస్‌కు బాగా అనువైన శ్రుతి ‘ఈ’. దాన్నే షడ్జం అనుకుందాం. అప్పుడు పాటకు కావలసినవి మూడే కార్డులు: షడ్జం మీద ఈ7, మధ్యమం మీద ఏ7, పంచమం మీద బి7. మామూలు వరస ఇదీ: మొదటి రెండు ఆవర్తనాలు ఈ7. మూడోది ఏ7. నాలుగోది మళ్లీ ఈ7. ఐదోదాంట్లో లఘువు, అంటే మొదటి నాలుగు అక్షరాలు బి7, రెండు ద్రుతాలు, అంటే మిగతా నాలుగు ఏ7. ఆరోదాంట్లో లఘువు ఈ7, ద్రుతాల్లో బి7.

సాహిత్యం కూడా ఇందులోనే ఒదుగుతుంది. ఒక పాదం పాడతారు, దాన్నే మళ్లీ పాడతారు, మూడో పాదంలో జవాబు చెబుతారు. పాదానికి రెండేసి ఆవర్తనాలు. గొంతు ఆగిన ప్రతిచోటా గిటార్ బదులు పలుకుతుంది. మూడో పాదం ఆరో ఆవర్తనం అంచున ముగుస్తుంది కాబట్టి అక్కడ గొంతుకు పని ఉండదు, మిగిలిన జాగా అంతా గిటార్‌దే.

డబ్ల్యూ.సి. హ్యాండీ 1912లో ‘మెంఫిస్ బ్లూస్’ అచ్చు వేయించేనాటికే ఈ పాటలు మిసిసిపీ పత్తి చేల ప్రాంతంలో నలిగి ఉన్నాయి. గిటార్ టర్న్‌అరౌండ్‌కు తరవాతి తరాలు ఒరవడిగా పెట్టుకున్నది మాత్రం రాబర్ట్ జాన్సన్‌ని. 1936 నవంబరులో శాన్ ఆంటోనియోలో, 1937 జూన్‌లో డల్లాస్‌లో ఆయన రికార్డు చేసిన పాటలు 29. 1938లో, 27 ఏళ్లకే చనిపోయాడు. ఒక్క గిటార్ మీద ఒక తీగను నిలిపి ఉంచి, మరో తీగను మెట్టు మెట్టుగా దించే ఆయన పద్ధతి ఈనాటికీ పాఠంగా నడుస్తోంది.

ఏడు, ఆరు, ఐదు, నాలుగు

ఆ దిగుడు ఇది. గిటార్‌లో ఒకటో తీగ, అంటే అన్నిటికన్నా సన్న తీగ, ఏమీ నొక్కకుండా మోగితే ‘ఈ’ పలుకుతుంది. మూడో తీగను ఏడో ఫ్రెట్ దగ్గర నొక్కితే ‘డి’, ఆరులో ‘సి షార్ప్’, ఐదులో ‘సి’, నాలుగులో ‘బి’. స్వరాల్లో చెప్పాలంటే కైశికి నిషాదం, చతుశ్రుతి ధైవతం, శుద్ధ ధైవతం, పంచమం. ఒకే మధ్య వేలు మూడో తీగ మీద జారుతుంది, ఒకటో తీగ తనమానాన తాను షడ్జం పలుకుతూ ఉంటుంది. మన మేళకర్త లెక్కలో ఒక మేళానికి ఒకే ధైవతం, ఒకే నిషాదం కాబట్టి ఈ మూడు మెట్లూ ఏ ఒక్క మేళంలోనూ కలిసి రావు. కర్ణాటక సంగీతం నేర్చిన పిల్లలకు మొదట ఇది వింతగా తోచడానికి అదో కారణం.

ఇప్పుడు తాళంలో కూర్చండి. నడక తిశ్రం, అక్షరానికి ఒక ‘తకిట’. ఒకటో అక్షరం మీద బొటనవేలితో లావు తీగ ఒక్కటే. రెండో అక్షరానికి ఏడో ఫ్రెట్: మూడో తీగ, ఒకటో తీగ, మళ్లీ మూడో తీగ. మూడో అక్షరానికి ఆరో ఫ్రెట్. నాలుగుకి ఐదో ఫ్రెట్. లఘువు అయిపోయింది. ఐదో అక్షరం, అంటే మొదటి ద్రుతం దెబ్బ మీద నాలుగో ఫ్రెట్ పంచమం. ఆ ‘తకిట’లో చివరి ‘ట’ మీద సి7 కార్డు అలా తగిలించి, ఆరో అక్షరం మీద బి7 వేసి నిలపాలి. ఏడు, ఎనిమిది బి7 మోగుతూ ఉంటాయి. మళ్లీ సమం, అంటే ఆవర్తనం తొలి అక్షరం, ఈ7.

చెవికి తగిలే గరుకు

ఈ దిగుడు ఎందుకు అంత సహజంగా అనిపిస్తుంది? అంకెలు చూస్తే తెలుస్తుంది. ఒకటో తీగ సెకనుకు సుమారు 329.6 సార్లు కంపిస్తుంది. దాంతోపాటు మోగే ‘డి’ 293.7 సార్లు. తేడా 36. ఇంత దగ్గరి రెండు ధ్వనులు చెవిలోకి వెళితే లోపలి శంఖంలో దాదాపు ఒకే తావును కదిలిస్తాయి. అవి విడివిడిగా వినిపించక, ఒకదాన్నొకటి రాసుకుంటున్నట్టు గరుకుగా తగులుతాయి. హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్ 1863లో ఈ గరుకుదనాన్నే అపశ్రుతికి మూలంగా ప్రతిపాదించాడు. నెదర్లాండ్స్‌కు చెందిన ప్లాంప్, లెవెల్ట్ 1965లో శ్రోతలపై ప్రయోగాలు చేసి, తేడా ఎంత ఉంటే గరుకు ఎంతగా తోస్తుందో కొలిచి చూపించారు.

వేలు కిందికి జారుతున్నకొద్దీ ఆ తేడా 36 నుంచి 52కి, 68కి, చివరికి దాదాపు 83కి పెరుగుతుంది. గరుకు మెట్టు మెట్టుకూ నునుపు దేలుతుంది. ఆఖరి జతలో ఇంకో విశేషం ఉంది. ఏమీ నొక్కని ఆరో తీగ, లావు ‘ఈ’, పౌనఃపున్యం 82.4. అంటే చివరి రెండు స్వరాల తేడా ఆ లావు తీగ స్వరానికి ఇంచుమించు సమానం. ఇది కాకతాళీయం కాదు. తీగ మోగినప్పుడు దాని స్వరంతోపాటు రెండింతలు, మూడింతలు, నాలుగింతల పౌనఃపున్యంతో సన్నగా పలికేవి అనుస్వరాలు. లావు తీగ మూడో అనుస్వరం ‘బి’, నాలుగో అనుస్వరం సన్న ‘ఈ’. ఒకటో అక్షరం మీద మోగించిన తీగ గర్భంలో ఉన్న రెండు స్వరాల దగ్గరికే మన వేళ్లు దిగి వచ్చాయి.

దీన్ని ఇంట్లోనే పరీక్షించవచ్చు. ఆరో తీగ మీద సరిగ్గా ఏడో ఫ్రెట్ కడ్డీకి పైన వేలు ఆనీ ఆనకుండా పెట్టి మీటండి, వెంటనే వేలు తీసేయండి. గంటలాంటి సన్నని నాదం వస్తుంది. అది మూడో అనుస్వరం, 247.2. అది మోగుతుండగానే రెండో తీగను నొక్కకుండా మీటండి. అది 246.9. రెండూ దాదాపు ఒకటే అయినా పూర్తిగా కాదు కాబట్టి మూడున్నర సెకన్లకోసారి నాదం లేచి పడుతూ వినిపిస్తుంది. అలా వినిపిస్తే మీ శ్రుతి బాగున్నట్టే. గబగబా కొట్టుకుంటే ఏదో ఒక తీగ సరిచేసుకోవాలి.

ఒకే వస్తువు ఒకేసారి అనేక రీతుల్లో కంపించడం, ఆ కలగాపులగాన్ని విడివిడి పౌనఃపున్యాలుగా వేరుచేయడం ఉప్పల్ రోడ్డుకు కొత్త విద్య కాదు. 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఎన్‌జీఆర్‌ఐ, ఆ రోడ్డు మీదే ఉంది. భూకంప లేఖినులు గీసిన గీతలను పౌనఃపున్యాలుగా విడదీయడం భూకంప శాస్త్రవేత్తలకు నిత్యకృత్యం. 1960లో చిలీలో వచ్చిన మహాభూకంపం తరవాత భూగోళం మొత్తం కంపించిన తీరును శాస్త్రవేత్తలు నమోదు చేశారు. భూమి కంపనాల్లో అన్నిటికన్నా నిదానమైనది ఒక చుట్టు పూర్తిచేయడానికి దాదాపు 54 నిమిషాలు తీసుకుంటుంది. గిటార్ లావు తీగ అదే పనిని సెకనులో 82 సార్లు చేస్తుంది. గణితం మాత్రం రెండింటికీ ఫ్రెంచ్ గణితవేత్త ఫోరియర్ చెప్పినదే. ఫోన్‌లో స్పెక్ట్రమ్ చూపించే యాప్ ఏదైనా పెట్టుకుని లావు తీగ మీటితే 82, 165, 247, 330 దగ్గర వరసగా శిఖరాలు లేస్తాయి.

పంచమమే షడ్జమైతే

దిగుడు పంచమం మీద ఆగింది, గరుకు పోయింది. అక్కడితో పాట ముగిసిపోవాలి కదా? ముగియకుండా చేసేదే బి7. ఐదో అక్షరం మీద ‘బి’ మన షడ్జానికి పంచమం. ఆరో అక్షరం మీద అదే ‘బి’ మరో కార్డుకు తానే షడ్జం. స్వరం కదల్లేదు, ఆధారం కదిలింది. గ్రహభేదం చేసేటప్పుడు విద్వాంసులు రాగంలోని వేరే స్వరాన్ని షడ్జంగా నిలిపి కాసేపు మరో రాగం వినిపిస్తారు. బ్లూస్ గిటార్ ఆ పనిని మూడు అక్షరాల వ్యవధికి చేస్తుంది.

బి7లో ఉన్న స్వరాలు నాలుగు: బి, డి షార్ప్, ఎఫ్ షార్ప్, ఏ. వీటిలో డి షార్ప్, ఏ జత కీలకం. మామూలు బి7 పట్టులో నాలుగో తీగ ఒకటో ఫ్రెట్ మీద డి షార్ప్ 155.6, మూడో తీగ రెండో ఫ్రెట్ మీద ఏ 220. మొదటిదాని మూడో అనుస్వరం 466.7, రెండోదాని రెండో అనుస్వరం 440. తేడా 27 దాకా ఉంది. మళ్లీ గరుకు వచ్చేసింది. దాన్ని తీర్చే దారి కూడా దగ్గరలోనే ఉంది. డి షార్ప్ ఒక్క ఫ్రెట్ పైకి జరిగితే ‘ఈ’, అంటే కాకలి నిషాదం షడ్జంలో చేరుతుంది. ఏ ఒక్క ఫ్రెట్ కిందికి దిగితే జి షార్ప్, అంటే మధ్యమం అంతర గాంధారంలోకి దిగుతుంది. రెండు స్వరాలు రెండు వైపులకు ఒక్కో మెట్టు జరగ్గానే ఈ కార్డు, అంటే ఇల్లు.

అయితే గరుకు ఒక్కటే కారణం అనుకుంటే తప్పు. బ్లూస్‌లో ఇల్లు అనుకున్న ఈ7లో కూడా జి షార్ప్, డి జత ఉంది. అదీ అంతే గరుకు. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో ఏడో స్వరం చేరిన కార్డు వస్తే అది మరో చోటికి కదలాలి. బ్లూస్‌లో అదే కార్డు మీద నిశ్చింతగా కూర్చుంటారు. గరుకు చెవిలో పుడుతుంది నిజమే. ఏ గరుకు విశ్రాంతి, ఏ గరుకు ప్రయాణం అనేది మాత్రం వింటూ వింటూ అలవడుతుంది.

సంగీతంలో భావం పుట్టేది ఎదురుచూపుతో ఆడుకోవడం వల్లనే అని లియొనార్డ్ మేయర్ 1956లో ఒక పుస్తకమే రాశాడు. 2011లో మాంట్రియల్ పరిశోధకులు శ్రోతల మెదళ్లను స్కాన్ చేసి, ఒళ్లు జలదరించే ఘట్టం రాబోతుండగా మెదడులో ఒక చోట, వచ్చిన క్షణాన మరో చోట డోపమిన్ విడుదలవుతుందని చూపించారు. అంటే ఎదురుచూపు కూడా సుఖంలో భాగమే. టర్న్‌అరౌండ్ ఆ ఎదురుచూపును ప్రతి 48 దెబ్బలకూ కొత్తగా తయారుచేస్తుంది.

తంబూరా నాదంలో పెరిగిన చెవికి ఇక్కడ ఒక చిన్న ఇబ్బంది ఎదురుకావచ్చు. మనకు పంచమం విశ్రాంతి స్థానం, షడ్జంతోపాటు ఎప్పుడూ మోగేదే. బి7లో కేవలం ‘బి’ని పట్టుకుని వింటే ఉత్కంఠ తెలియదు. లోపల ఉన్న కాకలి నిషాదాన్ని, డి షార్ప్‌ని, గొంతుతో పలకండి. షడ్జానికి వెళ్లకుండా అక్కడే నిలబడటం ఎంత కష్టమో తెలుస్తుంది.

ఇక మనకు బాగా తెలిసిన ఎదురుచూపు ఒకటుంది: మృదంగంలో తీర్మానం. ఒకే జతిని మూడుసార్లు వేస్తే, రెండోసారికే సభలో చేతులు లేస్తాయి, మూడోది పాట ఎత్తుగడ మీద పడగానే తలలు ఊగుతాయి. అక్కడ స్వరం ప్రమేయం లేకుండా లెక్కతోనే ఉత్కంఠ నిర్మిస్తారు. బ్లూస్‌లో లెక్క సులువు, 48 దాటదు. భారం అంతా స్వరం మీద పడుతుంది. రెండూ చేరేది మాత్రం పాట మళ్లీ మొదలయ్యే చోటికే.

ఫ్రెట్‌ల మధ్య చోటు

బ్లూస్ గాయకులు పియానో మెట్ల మీద నిలబడరు. ముఖ్యంగా గాంధారాన్ని, నిషాదాన్ని కొంచెం వంచి పలుకుతారు. లావు ‘ఈ’ తీగ ఏడో అనుస్వరం 576.9. ఫ్రెట్ ఇచ్చే ‘డి’ ఆ స్థాయిలో 587.3. అనుస్వరం అర స్వరంలో దాదాపు మూడో వంతు కిందికి ఉంటుంది. ఆరో తీగను రెండు, మూడు ఫ్రెట్‌ల మధ్య, మూడోదానికి దగ్గరగా తాకి మీటితే ఈ నిషాదం సన్నగా దొరుకుతుంది. బ్లూస్ గొంతుల్లో వినపడే నిషాదానికి ఇది మూలం కావచ్చునని కొందరు సంగీతశాస్త్రజ్ఞుల ఊహ.

గాంధారాన్ని కొంచెం పైకి తీయాలంటే తీగను పక్కకు లాగాలి. తీగ పౌనఃపున్యం దాని బిగువు వర్గమూలంతో పెరుగుతుందని మెర్సెన్ 1636 నాటికే తేల్చాడు. ఆ లెక్కన పావు స్వరం లేవాలంటే బిగువు 6 శాతం, అర స్వరానికి 12 శాతం, పూర్తి స్వరానికి 26 శాతం పెరగాలి. వేళ్లు ఎందుకు నొప్పి పుడతాయో ఈ అంకెలే చెబుతాయి. వీణ మెట్ల మీద తీగ లాగి గమకం పలికించడం ఈమని శంకరశాస్త్రి, చిట్టిబాబుల వాదనంలో విన్న తెలుగువారికి ఈ పని కొత్త కాదు. పాలకొల్లులో 1969లో పుట్టిన యు. శ్రీనివాస్ మాండలిన్‌లో ఉండే జంట తీగలను తీసేసి, ఒంటి తీగలు ఐదు పెట్టుకున్నది గమకం కోసమే. జాజ్, బ్లూస్ నేపథ్యమున్న గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో కలిసి రిమెంబర్ శక్తి బృందంలో ఆయన వాయించినప్పుడు, తీగ లాగుడు ఎవరిదో ఎవరిది కాదో విడదీయడం కష్టం.

నాచారం గదిలో ఎలక్ట్రిక్ గిటార్ వాయించేవాళ్లు ఒక తమాషా గమనించవచ్చు. సింగిల్ కాయిల్ పికప్ ఉంటే ఆంప్‌లో ‘జుమ్’మని ఒక మోత ఉంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ మోతలో 50, దాని రెట్టింపు 100 ఉంటాయి. ఫ్రెట్ ఇచ్చే ‘జి’ 98. అంటే మోత ‘జి’కి కాస్త పైన, జి షార్ప్‌కు కింద పడుతుంది. ‘ఈ’ శ్రుతిలో అది సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ మధ్యన, బ్లూస్ గాయకులు గొంతు వంచి వెతుక్కునే తావుకు దగ్గరలోనే ఉంటుంది.

సాధన ఎలా?

టర్న్‌అరౌండ్‌ను విడి ముక్కగా నేర్చుకుంటే అది విడి ముక్కగానే మిగులుతుంది. ఐదో ఆవర్తనం నుంచి మొదలుపెట్టి, ఆరోది వాయించి, తరవాతి చరణం మొదటి ఆవర్తనం సగం దాకా వెళ్లి ఆగాలి. 12వ బార్ దగ్గర ఎన్నడూ ఆగకూడదు. చేరవలసింది సమానికి కాబట్టి చేతులకు ఆ సమం కూడా పాఠంలో భాగంగా అందాలి. మొదట గిటార్ లేకుండా తాళం వేస్తూ ‘ని ద ద ప’ అని గొంతుతో పాడుకోవడం మంచిది. లఘువులో దిగుడు, మొదటి ద్రుతంలో మలుపు, రెండో ద్రుతంలో నిరీక్షణ. ఈ ముద్ర చేతిలో పడ్డాక ఫ్రెట్‌లు వెతుక్కోవడం తేలిక.

వేళ్ల విద్య మెదడులో ఎలా నిలుస్తుందన్న దానిపై మూడు పరిశోధనలు ఇక్కడ పనికొస్తాయి. 2019లో అమెరికా పరిశోధకులు వేళ్లతో ఒక వరసను పది సెకన్లు నొక్కించి, పది సెకన్లు ఊరుకోబెట్టారు. తొలిదశలో వేగం పెరిగింది ఎక్కువగా ఆ విరామాల్లోనే. కాబట్టి రెండుసార్లు వాయించి, ఒక ఆవర్తనం చేతులు ఊరికే పెట్టుకుంటే కాలం వృథా కాదు. 1979లో షియా, మోర్గన్ చేసిన ప్రయోగంలో ఒకే పనిని వరసగా చేసినవాళ్లు ఆ పూట బాగా చేశారు, పనులను కలగలిపి చేసినవాళ్లకు తరవాత బాగా గుర్తుంది. అందుకే ‘ఈ’లో ఒకటి, ‘ఏ’లో ఒకటి మార్చి మార్చి వాయించాలి. ‘ఏ’లో అదే దిగుడు నాలుగో తీగ మీద ఐదు, నాలుగు, మూడు, రెండు ఫ్రెట్‌లలో పడుతుంది, ఒకటో తీగను ఐదో ఫ్రెట్ దగ్గర నిలిపి ఉంచాలి, ఆఖరి కార్డు ఈ7. ఇక 2002లో వాకర్ బృందం, నిద్ర తరవాత వేళ్ల వేగం 20 శాతం దాకా పెరిగిందని చెప్పింది. పెరుగుదల అంత ఉంటుందా అన్నదానిపై తరవాత వాదనలు నడిచాయి. అయినా రాత్రి పదిన్నరకు రాని ముక్కను పన్నెండు దాకా పీడించడం కంటే పడుకోవడం మేలన్న సలహాకు ఢోకా లేదు.

మెట్రోనోమ్ నిమిషానికి 60 దగ్గర పెడితే ఆరో ఆవర్తనానికి ఎనిమిది సెకన్లు దొరుకుతాయి. బి7 పట్టు మార్చుకోవడానికి ఆ నిదానం కావాలి. వేగం పెంచాలనిపిస్తే కార్డు ఆరో అక్షరం మీద పడుతోందా, దాటి పడుతోందా అన్నది ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. వాయించేటప్పుడు అందరికీ సరిగ్గానే పడ్డట్టు ఉంటుంది.

చివరగా ఒక సంగతి. పాట ఆఖరి చరణంలోనూ ఇదే ఏడు, ఆరు, ఐదు, నాలుగు వస్తుంది. తేడా అంతా ఐదో అక్షరం తరవాతే. సి7 బదులు ఎఫ్7 తగిలించి ఈ7 మీద వాలితే పాట ముగిసింది. సి7 నుంచి బి7కి వెళితే ఇంకో చరణం ఉంది. బేస్ వాయించేవాడు, డ్రమ్స్ వాయించేవాడు, గాయకుడు ముగ్గురూ ఆ క్షణంలో గిటార్ వైపే చెవులు పెడతారు. అందువల్ల టర్న్‌అరౌండ్ వచ్చిందా రాలేదా అన్నదానికి పరీక్ష ఒకటే: ఎవరికీ సైగ చేయకుండా, ఆరో అక్షరం మీద మీరు వేసిన కార్డు వినే పక్కవాళ్లు ఆగాలో సాగాలో తెలుసుకోగలగాలి.